గుమ్మడికాయా, చిలగడదుంపా? పోషక విలువలను సరిగా పోల్చుకొనే పద్ధతి

సంక్రాంతికి వారం ముందు బెంగళూరులో ఏ వీధి మలుపు తిరిగినా చెరకు గడలు, అవరెకాయలు, వేరుశనగకాయల సరసన ఎర్రమట్టి అంటిన చిలగడదుంపల కుప్పలూ, వాటి పక్కనే సగానికి కోసి పసుప్పచ్చని కండ కనబడేలా నిలబెట్టిన గుమ్మడికాయలూ కనిపిస్తాయి. కన్నడిగులు ఎళ్ళు బెల్లంతో (నువ్వులు, బెల్లం కలిపినది) పాటు ఉడికించిన గెణసు, అంటే చిలగడదుంప కూడా పండుగకు పెట్టుకుంటారు. మన ఇళ్ళలో ఆ రెండూ కలిసి ముక్కల పులుసులోకి వెళతాయి. అలా ఒకే గిన్నెలో ఉడికే ఈ రెండింటిలో ఒంటికి ఏది ఎక్కువ మేలు చేస్తుందన్న ప్రశ్న మా ఇంట్లో రెండేళ్ళ కిందట వచ్చింది. అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మకు చాలాకాలంగా మధుమేహం ఉంది. ఈమధ్య చూపు కూడా కొంత మందగించింది. “కంటికి మంచిదంటున్నారు కదా, రోజూ ఒక గెనుసుగడ్డ తినమంటావా, గుమ్మడికాయ కూర తినమంటావా?” అని అడిగింది. అంతర్జాలంలో మొదట కనబడిన పట్టికను చూసి, చిలగడదుంపలో విటమిన్ ఎ పుష్కలంగా ఉంటుందని చెప్పి, ఆ సాయంత్రమే రెండు కిలోలు తెచ్చాను.

అమ్మ కత్తిపీట ముందు కూర్చుని మొదటి గడ్డను నిలువునా చీల్చింది. పైన గులాబీ రంగు తొక్క, లోపల బియ్యప్పిండిలాంటి తెల్లని కండ, కోసిన అంచు వెంబడి పాలలాంటి జిగురు చుక్కలు. నేను చూసిన పట్టిక నారింజ రంగు కండ ఉన్న అమెరికా దుంపది. అందులోని విటమిన్ ఎ అంకె మా కత్తిపీట మీదున్న గడ్డకు ఏమాత్రం వర్తించదని అప్పుడు అర్థమైంది. ఆ పొరపాటు నుంచే ఈ పద్ధతిని ఒక్కొక్క మెట్టుగా కూర్చుకున్నాను. ఇందులోని అంకెలలో ఎక్కువభాగం అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించే ఆహార విలువల పట్టికలవి. వాటిని మన కూరగాయలకు ఎంతవరకు అన్వయించవచ్చో ఎక్కడికక్కడ చెబుతాను.

1. ఏ కాయను, ఏ దుంపను పోలుస్తున్నారో ముందు తేల్చుకోవాలి

ఇంగ్లీషు వ్యాసాలలో స్క్వాష్ అనే మాట ఒకే కాయను సూచించదు. లేతగా ఉన్నప్పుడే కోసి తొక్కతో సహా వండుకొనే జుకినీ అందులోకే వస్తుంది. బాగా ముదిరి, తొక్క గట్టిపడి, నెలల తరబడి నిలవ ఉండే గుమ్మడి, బటర్‌నట్ కూడా అందులోకే వస్తాయి. మన ఊళ్ళలో బెంగళూరు వంకాయ అనీ, సీమ వంకాయ అనీ పిలిచే చౌచౌ సైతం ఈ గుమ్మడి కుటుంబానిదే; పేరులో వంకాయ ఉన్నా వంకాయతో దానికి చుట్టరికం లేదు. ఈ కాయల మధ్య తేడా చాలా పెద్దది. వంద గ్రాముల పచ్చి జుకినీలో 17 కిలోకేలరీలు, చౌచౌలో 19, గుమ్మడిలో 26, బటర్‌నట్‌లో 45 ఉంటాయి. విటమిన్ ఎ సంగతికి వస్తే జుకినీలో దాదాపు లేదనే చెప్పాలి, చౌచౌలో లేనే లేదు. అయితే చౌచౌలో ఫోలేట్ అనే బి విటమిన్ 90 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది. కాబట్టి “స్క్వాష్ కంటికి మంచిది” అన్న వాక్యం చదివి బెంగళూరు వంకాయ కొంటే అనుకున్న ప్రయోజనం దక్కదు.

మనం వాడే తీపి గుమ్మడి, బటర్‌నట్ చాలావరకు ఒకే జాతికి చెందిన రకాలు. అందువల్ల బటర్‌నట్ గురించి రాసిన విషయాలు మన గుమ్మడికి బాగా దగ్గరగా ఉంటాయి. బటర్‌నట్ కండ కొంచెం చిక్కగా, నీరు తక్కువగా ఉంటుంది. బూడిద గుమ్మడిని మాత్రం ఈ లెక్కలోకి తీసుకురాకూడదు. కన్నడంలో రెండింటినీ కుంబళకాయి అనే అంటారు గనుక కొనేటప్పుడు సిహి కుంబళ (తీపి గుమ్మడి) అని విడమరిచి అడగడం మంచిది.

దుంప పేర్ల దగ్గరా జాగ్రత్త కావాలి. రాయలసీమలో గెనుసుగడ్డ, కోస్తాలో చిలగడదుంప, తెలంగాణలో కందగడ్డ లేదా రత్నపురి గడ్డ అన్నీ ఒకటే. కోస్తావారికి కంద అంటే పులుసులోనూ వేపుడులోనూ వేసుకొనే దురద కంద. అది వేరే దుంప. తణుకు నుంచి వచ్చిన మా అత్తగారికీ, పై అంతస్తులో ఉండే కరీంనగర్ వారికీ మధ్య కందగడ్డ అన్న మాట మీద ఒకసారి చాలాసేపు అయోమయం నడిచింది.

చిలగడదుంప తూటికూర కుటుంబపు తీగకు నేలలో ఊరే వేరు. మొక్క తన రేపటి అవసరానికి పిండిని దాచుకొనే చోటు అది. గుమ్మడికాయ గింజలను పెంచి కాపాడేందుకు తీగ మోసే పండు. అందులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే. దుంపలో పిండిపదార్థం ఎందుకు ఎక్కువో, గుమ్మడిలో కేలరీలు ఎందుకు తక్కువో ఈ ఒక్క తేడాతోనే చాలావరకు తెలిసిపోతుంది.

2. కోసి లోపలి రంగు చూడాలి

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదేనని నా నమ్మకం. పసుపు, నారింజ రంగు కండకు ఆ వన్నె తెచ్చేవి కెరోటిన్లు. వాటిలో బీటా కెరోటిన్‌ను మన శరీరం విటమిన్ ఎగా మార్చుకుంటుంది. నారింజ కండ ఉన్న వంద గ్రాముల పచ్చి చిలగడదుంపలో సుమారు 8,500 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. పన్నెండు మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌కు ఒక మైక్రోగ్రాము విటమిన్ ఎ చొప్పున లెక్కగడితే అది 709 మైక్రోగ్రాములవుతుంది. వంద గ్రాముల గుమ్మడిలో అదే లెక్కన 426, బటర్‌నట్‌లో 532. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన ప్రకారం పెద్దవారిలో పురుషులకు రోజుకు 1,000, స్త్రీలకు 840 మైక్రోగ్రాముల విటమిన్ ఎ కావాలి. అంటే నారింజ దుంప ఒకటి తింటే ఆ రోజు అవసరంలో చాలాభాగం తీరుతుంది.

మన సంతలలో ఎక్కువగా దొరికే తెల్ల కండ, మీగడ రంగు కండ దుంపలలో బీటా కెరోటిన్ నామమాత్రమే. పైతొక్క ఎంత ఎర్రగా ఉన్నా దానితో నిమిత్తం లేదు. చూడవలసింది లోపలి రంగునే. కాబట్టి తెల్ల గడ్డనూ, పండిన గుమ్మడినీ పక్కపక్కన పెడితే విటమిన్ ఎ విషయంలో గుమ్మడిదే పూర్తిగా పైచేయి. నారింజ గడ్డను పెడితే తీర్పు తిరగబడుతుంది. ఒకే పేరు గల దుంప ఒక పోలికలో గెలిచి మరొక పోలికలో ఓడిపోవడానికి కారణం ఇదే.

నారింజ రకాలు మన దేశంలో లేకపోలేదు. తిరువనంతపురంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన భూ సోనా రకంలో వంద గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. అదే సంస్థ భూ కృష్ణ పేరుతో ఊదా కండ రకాన్ని కూడా ఇచ్చింది. ఊదా రంగుకు కారణం ఆంథోసయనిన్లు. నేరేడు పండుకు ఆ రంగు ఇచ్చేవీ ఇవే. అవి విటమిన్ ఎగా మారవు. ఆఫ్రికా దేశాలలో పిల్లల విటమిన్ ఎ లోపాన్ని తగ్గించేందుకు నారింజ చిలగడదుంపను ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. ఆ గడ్డ విలువ అంతటిది. దాని కీర్తిని తెల్ల గడ్డకు అంటగట్టకపోతే చాలు.

గుమ్మడిలోనూ అన్ని కాయలూ ఒక్కటి కావు. మన ఊరి పొలిమేరలోనే, హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క చందన్ గుమ్మడి, కండలోని కెరోటిన్‌కు పేరుపొందిన రకం. రకం పేరు సంతలో ఎవరూ చెప్పలేరు గనుక రంగునే నమ్ముకోవాలి. పాలిపోయిన పసుపు కండ కన్నా ముదురు నారింజ కండలో కెరోటిన్ ఎక్కువ. గుమ్మడిని కోసే అమ్ముతారు కాబట్టి చూసుకోవడం తేలిక. గడ్డల విషయంలో నేను బండివాడిని “ఒళగె యావ బణ్ణ?” (లోపల ఏ రంగు?) అని అడిగి, ఒక చిన్న గడ్డను విరిచి చూపించమంటాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

3. పట్టికలోని అంకెలను ఒకే కొలతకు తెచ్చుకోవాలి

వంద గ్రాముల పచ్చి ముక్కలను తీసుకుంటే పోలిక ఇలా ఉంటుంది. దుంప వరుసలోని విటమిన్ ఎ అంకె నారింజ కండకు మాత్రమే చెల్లుతుందని మరొకసారి గుర్తుచేస్తున్నాను.

| 100 గ్రాములలో | గుమ్మడి | బటర్‌నట్ | చిలగడదుంప |
|---|---|---|---|
| కిలోకేలరీలు | 26 | 45 | 86 |
| పిండిపదార్థం (గ్రా.) | 6.5 | 11.7 | 20.1 |
| పీచు (గ్రా.) | 0.5 | 2 | 3 |
| విటమిన్ ఎ (మై.గ్రా.) | 426 | 532 | 709 |
| విటమిన్ సి (మి.గ్రా.) | 9 | 21 | 2.4 |
| పొటాషియం (మి.గ్రా.) | 340 | 352 | 337 |

ఇలాంటి పట్టికను చదివేటప్పుడు చిక్కులు మూడు ఎదురవుతాయి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార విలువల పట్టికలో శక్తిని కిలోజౌళ్ళలో ఇచ్చారు; దానిని 4.184తో భాగిస్తేనే మనకు అలవాటైన కిలోకేలరీలు వస్తాయి. ఈ సంగతి తెలియక గడ్డలో నాలుగు వందలకు పైగా కేలరీలున్నాయని బెంబేలెత్తినవారిని చూశాను.

రెండవ చిక్కు పిండిపదార్థం లెక్కలో ఉంది. అమెరికా పట్టికలో పిండిపదార్థమంటే పీచు కూడా అందులో కలిసి ఉన్నట్టు. మన పట్టికలో పీచును ముందే తీసివేసి మిగిలినదే చూపుతారు. కాబట్టి అమెరికా పట్టికలోని 20.1 గ్రాముల నుంచి పీచు 3 గ్రాములను తీసివేసి, మిగిలిన సుమారు 17 గ్రాములను మన పట్టికతో పోల్చాలి. మన పట్టికలోని అంకె నుంచి మళ్ళీ పీచును తీసివేస్తే లెక్క తప్పుతుంది. మధుమేహం ఉన్నవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక మూడవది, పచ్చిదాన్ని పచ్చిదానితో, వండినదాన్ని వండినదానితో మాత్రమే పోల్చడం. ఇందులోనూ ఒక మెలిక ఉంది. అమెరికా పట్టికలో పచ్చి చిలగడదుంపకు విటమిన్ సి 2.4 మిల్లీగ్రాములని ఉంటే, తొక్కతో కాల్చిన దుంపకు 19.6 అని ఉంటుంది. వేడి విటమిన్ సిని తగ్గిస్తుందే గాని పెంచలేదు. పరీక్షకు తీసుకున్న దుంపలు వేరువేరు కాబట్టే ఆ తేడా వచ్చింది. గడ్డకూ గడ్డకూ, నేలకూ నేలకూ అంత వ్యత్యాసం ఉంటుంది. అందువల్ల చిన్న అంకెల తేడాలను పట్టించుకోనవసరం లేదు. పొటాషియం 340, 337 అని ఉంటే రెండూ సమానమనే భావించాలి. 26, 86 అని ఉంటే మాత్రం ఆ తేడా నిజమైనది.

4. ఒకే జతను మూడు త్రాసులలో తూచాలి

బరువును బట్టి తూచడం మొదటి త్రాసు. పై పట్టికలో చూసింది అదే. రెండవ త్రాసు కేలరీలది. వంద కిలోకేలరీలు రావాలంటే పచ్చి గుమ్మడి ముక్కలు 385 గ్రాములు కావాలి. చిలగడదుంప 116 గ్రాములు చాలు. ఈ త్రాసులో గుమ్మడి పొటాషియం 1,300 మిల్లీగ్రాములు దాటిపోతుంది, దుంపది 390 దగ్గర ఆగుతుంది. విటమిన్ ఎ విషయంలోనూ గుమ్మడి 1,600 మైక్రోగ్రాములు దాటి నారింజ దుంపకు రెట్టింపవుతుంది. పీచులో మాత్రం దుంప 3.5 గ్రాములతో ముందుంటుంది. అయితే నాలుగు వందల గ్రాముల గుమ్మడిని ఒక్క పూటలో తినేవారు అరుదు. బరువు తగ్గాలనుకుంటూ కడుపు నిండినట్టుండాలని కోరుకునేవారికి ఈ త్రాసు పనికివస్తుంది. మిగిలినవారు దీనిని చూసి పెద్ద నిర్ణయాలు తీసుకోవలసిన పని లేదు.

మూడవది కంచం త్రాసు. తీసుకుంటున్న పదార్థం కంచంలో దేని స్థానంలో కూర్చుంటుందో అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లూ కూరగాయలూ తినమని చెబుతూ, బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం వంటి పిండి దుంపలను ఆ లెక్కలో చేర్చవద్దని విడిగా పేర్కొంది. గుమ్మడి ఆ లెక్కలోకి వస్తుంది. అంటే గుమ్మడి బెండకాయ, బీరకాయల వరుసలో కూర్చునే కూర. చిలగడదుంప అన్నం, రాగిసంకటి, చపాతీల వరుసలోది. మన వంటింట్లో రెండూ కూరలుగానే చలామణి కావడం వల్ల ఈ తేడా కనుమరుగైపోయింది.

దీన్ని అంకెలలో చూద్దాం. ఒక చిన్న గిన్నెడు, అంటే 150 గ్రాముల వండిన తెల్లన్నంలో 195 కిలోకేలరీలు, 42 గ్రాముల పిండిపదార్థం, అర గ్రాము పైచిలుకు పీచు, 50 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. ఆ అన్నం తీసివేసి అదే బరువు ఉడికించిన చిలగడదుంప తింటే 114 కిలోకేలరీలు, 27 గ్రాముల పిండిపదార్థం, 3.7 గ్రాముల పీచు, 345 మిల్లీగ్రాముల పొటాషియం వస్తాయి. అన్నానికి బదులుగా దుంప చాలా మంచి మార్పే. అయితే మాంసకృత్తులు నాలుగు గ్రాముల నుంచి రెండు గ్రాములకు తగ్గుతాయి. కాబట్టి ఆ పూట పప్పు మరొక గరిటె పెంచాలి. అదే దుంపను కూరగా వండి, అన్నం ఏమీ తగ్గించకుండా తింటే ఆ 114 కిలోకేలరీలు, 27 గ్రాముల పిండిపదార్థం అదనంగా చేరతాయి. ఆ కూర స్థానంలో 150 గ్రాముల ఉడికిన గుమ్మడి ఉంటే చేరేది 30 కిలోకేలరీలు, 7 గ్రాముల పిండిపదార్థం. అమ్మ ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరికింది: అన్నం తగ్గించిన పూట గడ్డ, తగ్గించని పూట గుమ్మడి.

5. వండే తీరును లెక్కలోకి తీసుకోవాలి

చిలగడదుంపను నిదానంగా వేడి చేస్తే అందులోని ఎంజైము పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. నిప్పుల మీద గాని, ఓవెన్‌లో గాని గంటసేపు కాలిన గడ్డ తేనెలా తియ్యగా మారేది ఇందుకే. రక్తంలో చక్కెర పెరిగే వేగాన్ని తెలిపే గ్లైసీమిక్ సూచిక కూడా ఉడికించిన గడ్డకు తక్కువగానూ, కాల్చిన గడ్డకు బాగా ఎక్కువగానూ ఉన్నట్టు పరీక్షలలో తేలింది. మా ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసినప్పుడు కూడా, ఉడికించిన గడ్డ తిన్న రోజు కన్నా అంతే బరువు కాల్చిన గడ్డ తిన్న రోజు రెండు గంటల తరువాతి అంకె స్పష్టంగా ఎక్కువగా వచ్చింది. ఉడికించి చల్లార్చిన గడ్డలో కొంత పిండి అరగని పీచులా మారుతుంది. ఆ మేరకు ఇంకొంచెం మేలే.

గుమ్మడికాయకు గ్లైసీమిక్ సూచిక ఎక్కువని కొన్ని చోట్ల చదివి దాన్ని మానేసినవారున్నారు. ఆ సూచిక పదార్థం స్వభావాన్ని చెబుతుంది గాని మనం ఎంత తిన్నామో చెప్పదు. వంద గ్రాముల ఉడికిన గుమ్మడిలో పిండిపదార్థం 5 గ్రాములు మాత్రమే గనుక అసలు చక్కెర భారం స్వల్పం. గుమ్మడిలో చూసుకోవలసింది మనం వేసే బెల్లాన్ని. పులుసులోనో బెల్లం కూరలోనో ఒక్కొక్కరి వాటాకు 20 గ్రాముల బెల్లం పడిందనుకుంటే దానివల్లనే 75 కిలోకేలరీలు వస్తాయి. ఆ వాటాలోని గుమ్మడి ముక్కలు ఇచ్చే కేలరీలకు అది రెట్టింపు కన్నా ఎక్కువ. పండిన గుమ్మడికి స్వతహాగా ఉన్న తీపి చాలని, చింతపండు కొంచెం తగ్గిస్తే బెల్లం అవసరం అంతగా ఉండదని మా అత్తగారు చూపించారు; ఇప్పుడు మా ఇంట్లో అలాగే వండుతున్నాం.

ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని వంపేస్తే పొటాషియం, విటమిన్ సి నీటితో పాటే పోతాయి. పచ్చి గుమ్మడిలో 340 మిల్లీగ్రాములున్న పొటాషియం నీటిలో ఉడికించి వడగట్టిన ముక్కలలో 230కి దిగుతుంది. ఆవిరి మీద ఉడికించినా, పులుసులోనో పప్పులోనో నీటితో సహా తిన్నా ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. కెరోటిన్ నీటిలో కరిగేది కాదు. దానికి నూనె కావాలి. పూటకు ఒక చెంచాడు నూనె లేదా నెయ్యి, సుమారు 5 గ్రాములు, సరిపోతుంది. మన తాలింపు ఈ పని చక్కగా చేసిపెడుతుంది. నూనె చుక్క తగలకుండా ఉడికించిన గుమ్మడి తిని కంటికి మేలు జరగాలని ఆశించడం సబబు కాదు. అలాగని చిలగడదుంపను వేపుడు చేస్తే ఒక పెద్ద చెంచాడు నూనెతోనే 120 కిలోకేలరీలు వచ్చి చేరతాయి.

6. తొక్క, గింజలు పారేసే ముందు ఆలోచించాలి

మేము అరకిలో గుమ్మడి ముక్క తెచ్చి చెక్కు, గింజలు, లోపలి నార తీసి తూచితే వండడానికి మిగిలింది మూడు వందల యాభై గ్రాములు. పట్టికలోని అంకెలన్నీ ఆ మిగిలిన కండవే గనుక, కొన్న బరువుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. చిలగడదుంపను బాగా కడిగి తొక్కతోనే ఉడికిస్తే వృథా తక్కువ, పీచు ఎక్కువ. ఎర్రమట్టి కణుపుల్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి పావుగంట నీళ్ళలో నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్దాలి.

గుమ్మడి గింజలను పారేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పైపొట్టు తీసిన వంద గ్రాముల ఎండు పప్పులో 30 గ్రాముల మాంసకృత్తులు, 590 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 7 మిల్లీగ్రాములకు పైగా జింక్ ఉంటాయి. కేలరీలు కూడా 560 దాకా ఉంటాయి గనుక గుప్పెడు మించనక్కరలేదు. కాయ కోసిన రోజే గింజలను కడిగి, పలచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టి, సన్నని సెగ మీద వేయించితే ఒలుచుకోవడం తేలిక. కండలో లేని మాంసకృత్తులు అదే కాయ గింజలో ఉన్నప్పుడు, గుమ్మడి విలువ లెక్కగట్టేటప్పుడు వాటినీ కలపడం న్యాయం.

7. తినేది ఎవరో చూసి తీర్పు చెప్పాలి

మధుమేహం ఉన్నవారికి పైన చెప్పిన కంచం త్రాసే ఆధారం. మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారు రెండింటి విషయంలోనూ జాగ్రత్తపడాలి. ముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి వంపేయడం వారికి మేలు చేస్తుంది, కానీ ఎంత తినవచ్చన్నది వైద్యుడే చెప్పాలి. మూత్రపిండాలలో ఆక్సలేట్ రాళ్ళు ఏర్పడే తత్వం ఉన్నవారికి చిలగడదుంప కన్నా గుమ్మడి సురక్షితం. పసిపిల్లలకు, ముఖ్యంగా బరువు తక్కువగా ఉన్నవారికి, మెత్తగా చిదిమి నెయ్యి కలిపిన నారింజ చిలగడదుంప చాలా మంచి ఆహారం. చిన్న పొట్టలో పట్టే కొద్దిపాటి ముద్దలోనే శక్తి, కెరోటిన్ రెండూ అందుతాయి. ఏకాదశి ఉపవాసంలో అన్నం మానినవారికి దుంప సహజమైన ప్రత్యామ్నాయం. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవారికీ, ఆటలాడే పిల్లలకూ దుంపలోని పిండి వరమే.

8. కొనేటప్పుడు, నిలవ చేసేటప్పుడు

గుమ్మడి గాని, ఆ కుటుంబంలోని మరే కాయ గాని చేదుగా ఉంటే ఒక్క ముక్క కూడా తినకూడదు; ఆ చేదు కుకుర్బిటసిన్ అనే విషపదార్థాల వల్ల వస్తుంది, వండినా పోదు. పురుగు తొలిచిన, నల్లబడిన, బూజు పట్టిన చిలగడదుంపలో కూడా హానికరమైన చేదు పదార్థాలు పుడతాయి. ఆ భాగం కోసేసి మిగిలినది వాడుకొనే పొదుపు ఇక్కడ పనికిరాదు. పచ్చి దుంపలను ఫ్రిజ్‌లో పెడితే చలికి లోపల గట్టిపడి, ఉడికినా మెత్తబడవు. గాలి తగిలే బుట్టలో ఉంచాలి. కోయని గుమ్మడి నెలల తరబడి నిలుస్తుంది, కోసినదాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజుల్లో వండేయాలి.

ఇప్పుడు అమ్మ వారానికి మూడు రోజులు మధ్యాహ్నం 150 గ్రాముల గుమ్మడి కూర, ఆవపిండి పెట్టి గాని కందిపప్పుతో గాని, తింటుంది. రెండు రోజులు రాత్రి అన్నం పూర్తిగా మాని, తొక్కతో ఉడికించి చల్లార్చిన 120 గ్రాముల గడ్డను, ఒక కప్పు పెసరపప్పుతో తీసుకుంటుంది. తెల్ల గడ్డ దొరికిన వారం కంటి సంగతి గుమ్మడికే వదిలేస్తాం. ఎప్పుడైనా బండి మీద నారింజ గడ్డ కనబడితే, విరిచిన ఆ ముక్కను చేతిలో పట్టుకుని అమ్మకు ఫోన్ చేసి, ఎన్ని కిలోలు తేమంటావని అడుగుతాను.